సంస్థాగత మార్పు నిర్వహణలో పని సంస్కృతి పాత్ర: కార్డ్ పథకం, హైదరాబాద్ జలమండలి సంస్కరణల తులనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం

సంస్థలో కొత్త యంత్రాలు, కొత్త నిబంధనలు, కొత్త పదవులు ప్రవేశపెట్టినంత మాత్రాన పనితీరు మారదు. ఆ సంస్థలో ఏళ్ల తరబడి స్థిరపడిన పని సంస్కృతి కొన్నిసార్లు మార్పును తనలో కలుపుకొని పాత ఫలితాన్నే ఇస్తుంది. మరికొన్నిసార్లు మార్పుతోపాటు తానూ మారుతుంది. ఈ భేదానికి కారణాలను అన్వేషించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు ఒకే కాలంలో అమలైన రెండు సంస్కరణలను తీసుకున్నారు. మొదటిది 1998లో రిజిస్ట్రేషన్ శాఖలో వచ్చిన కార్డ్ కంప్యూటరీకరణ. రెండవది ఆ దశకం చివర హైదరాబాద్ జలమండలిలో మొదలైన సేవా సంస్కరణలు. సంస్కృతి పనికి ముందుండే మనోభావం కాదనీ, పనిలోని సంబంధాల నుంచి పుట్టే అలవాటనీ, అందువల్ల ఆ సంబంధాలను మార్చిన చోటనే మార్పు నిలుస్తుందనీ ఈ పరిశీలన నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలక పదాలు: పని సంస్కృతి, సంస్థాగత మార్పు, జవాబుదారీతనం, దస్తావేజు లేఖరులు, క్షేత్రస్థాయి సిబ్బంది, కార్డ్, జలమండలి.

1. ఉపోద్ఘాతం

1998 నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 214 సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలలో కార్డ్ పథకం ప్రారంభమైంది. అంతవరకు చేతితో రాసిన దస్తావేజు ప్రతులు, బరువైన సూచికా గ్రంథాలు, గుమాస్తాల వెతుకులాటతో సాగిన పని కంప్యూటర్ తెర మీదికి వచ్చింది. ఆస్తి మీద ఉన్న లావాదేవీలను తెలిపే ఎన్‌కంబరెన్స్ ధ్రువపత్రం కోసం రోజుల తరబడి తిరిగిన చోట అది నిమిషాలలో చేతికి అందుతుందని ప్రభుత్వం ప్రకటించింది. దేశంలో ఎలక్ట్రానిక్ పరిపాలన గురించి జరిగిన తొలి చర్చలలో కార్డ్ తప్పనిసరి ఉదాహరణగా నిలిచింది.

అయితే కార్యాలయం లోపల కంప్యూటర్ వచ్చిన తరువాత కూడా కార్యాలయం బయట దస్తావేజు లేఖరి బల్ల తొలగలేదు. ఆస్తి కొన్న వ్యక్తి మొదట ఆ బల్ల దగ్గరికే వెళ్లాడు. అవినీతి నియంత్రణ దృష్టితో కార్డ్‌ను పరిశీలించిన జొనాథన్ కేస్లీ 2004లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ప్రచురించిన వ్యాసంలో ఈ సంస్కరణను ఒక ‘ముఖభాగం’గా అభివర్ణించాడు. మధ్యవర్తుల ప్రాబల్యం, అనధికార చెల్లింపులు కొనసాగాయని అతని పరిశోధన తేల్చింది.

అదే పరిశోధకుడు అదే రాష్ట్రంలో, దాదాపు అదే కాలంలో హైదరాబాద్ జలమండలిని అధ్యయనం చేసి 2003లో భిన్నమైన నిర్ణయానికి వచ్చాడు. అక్కడ క్షేత్రస్థాయి సేవలు నిజంగానే మెరుగుపడ్డాయని అతడు గుర్తించాడు. రెండూ ప్రభుత్వ వ్యవస్థలే. రెండింటిలోనూ కంప్యూటర్ ఉంది. రెండింటి వెనుకా ఒకే ప్రభుత్వం, ఒకే సంస్కరణల వాతావరణం ఉన్నాయి. మరి ఫలితాలలో ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? ఈ వ్యాసం ఆ ప్రశ్నకు పని సంస్కృతి కోణం నుంచి సమాధానం వెతుకుతుంది.

2. పని సంస్కృతి: భావన, సిద్ధాంత నేపథ్యం

పని సంస్కృతి అనే మాటను వ్యవహారంలో క్రమశిక్షణ, సమయపాలన, సహోద్యోగుల మధ్య స్నేహభావం వంటి అర్థాలలో వాడుతుంటారు. ఎడ్గార్ షైన్ 1985లో వెలువరించిన గ్రంథంలో దీనిని మూడు అంతస్తులుగా వివరించాడు. పైకి కనిపించే కట్టడాలు, దుస్తులు, పత్రాలు, ఆచారాలు మొదటి అంతస్తు. సంస్థ తన గురించి తాను చెప్పుకొనే విలువలు రెండవది. ఎవరూ ప్రశ్నించని, చాలాసార్లు మాటల్లో పెట్టని మౌలిక నమ్మకాలు మూడవది. ఒక బృందం తన పనిలో ఎదురైన సమస్యలకు కనుగొన్న పరిష్కారాలు మళ్లీ మళ్లీ ఫలించినప్పుడు అవే మౌలిక నమ్మకాలుగా స్థిరపడతాయని షైన్ ప్రతిపాదన.

ప్రభుత్వ కార్యాలయం నుంచే దీనికి ఒక ఉదాహరణ చెప్పుకోవచ్చు. గోడ మీది పౌర సేవా పత్రం మొదటి అంతస్తుకు చెందుతుంది. ‘ప్రజాసేవే లక్ష్యం’ అనే వాక్యం రెండవ అంతస్తుకు చెందుతుంది. ‘పై నుంచి ఎవరైనా అడిగే దాకా ఫైలు కదిలించకపోవడమే క్షేమం’ అనే నమ్మకం మూడవ అంతస్తుకు చెందుతుంది. ఈ నమ్మకం సోమరితనం నుంచి పుట్టదు. త్వరపడి సంతకం చేసినవారు విచారణలు ఎదుర్కోవడం, ఆలస్యం చేసినవారికి ఏమీ కాకపోవడం చూసిన అనుభవం నుంచి పుడుతుంది. ఆ అనుభవాన్ని కలిగించే పరిస్థితులు అలాగే ఉన్నంతకాలం గోడ మీది వాక్యాన్ని ఎన్నిసార్లు మార్చినా నమ్మకం మారదు.

మార్పు నిర్వహణ సిద్ధాంతాలలో సంస్కృతి స్థానం గురించి ఏకాభిప్రాయం లేదు. 1947లో కర్ట్ లెవిన్ మార్పును మూడు దశలుగా ఊహించాడు. ఘనీభవించిన అలవాటును కరిగించడం, కొత్త స్థితికి తరలించడం, దానిని తిరిగి స్థిరపరచడం అనేవి ఆ దశలు. జాన్ కోటర్ 1995లో సూచించిన ఎనిమిది మెట్లలో మార్పును సంస్కృతిలో పాతుకునేలా చేయడం చిట్టచివరి మెట్టు. కొత్త పద్ధతి ఫలించిందని సిబ్బంది స్వయంగా చూసిన తరువాతే అది సంస్కృతి అవుతుందని దీని సారం. ముందు మనస్తత్వాన్ని మార్చాలి, తరువాత పని మారుతుంది అనే శిక్షణ తరగతుల బోధనకు ఇది భిన్నమైన క్రమం.

సాంకేతికతకు, పనివారి సంబంధాలకు ఉన్న ముడిని టావిస్టాక్ సంస్థ పరిశోధకులు మరింత స్పష్టంగా చూపారు. 1951లో ఎరిక్ ట్రిస్ట్, కెన్ బామ్‌ఫోర్త్ బ్రిటన్ బొగ్గు గనులపై తమ అధ్యయనాన్ని ప్రచురించారు. కొత్త యంత్ర పద్ధతి చిన్న బృందాలను విడగొట్టడం వల్ల ఆశించిన లాభం రాకపోగా గైరుహాజరీ, పరస్పర నిందలు పెరిగాయని వారు గమనించారు. 1953లో ఎ.కె. రైస్ అహ్మదాబాద్ కాలికో మిల్లులో ఇదే సమస్యను చూశాడు. అక్కడ ఆటోమేటిక్ మగ్గాలు వచ్చినా ఉత్పాదకత అనుకున్నంత పెరగలేదు. ఒక్కో పనివాడికి ఒక్కో ముక్క పని ఇవ్వడానికి బదులు కొన్ని మగ్గాల పూర్తి బాధ్యతను ఒక చిన్న బృందానికి అప్పగించాక ఉత్పత్తి పెరిగింది, లోపాలున్న బట్ట తగ్గింది. మగ్గాలు అవే, మనుషులు అదే మిల్లు కార్మికులు. వారి మధ్య పని సంబంధం మాత్రమే మారింది.

3. కార్డ్: సాధనం మారింది, సంబంధం మారలేదు

కార్డ్‌కు పూర్వం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో పని ఎలా సాగేదో తెలుసుకుంటే తరువాతి పరిణామం అర్థమవుతుంది. దస్తావేజును పరిశీలించడం, ఆస్తి మార్కెట్ విలువను, దానిపై చెల్లించవలసిన స్టాంపు సుంకాన్ని నిర్ధారించడం, సాక్షుల సంతకాలు తీసుకోవడం, దస్తావేజును గ్రంథంలోకి ఎక్కించడం ఆ కార్యాలయం బాధ్యతలు. సామాన్యుడికి విలువ లెక్క తెలియదు, ఏ పత్రం జతపరచాలో తెలియదు, ఏ గుమాస్తాను అడగాలో తెలియదు. ఈ అజ్ఞానమే దస్తావేజు లేఖరికి జీవనాధారం. దస్తావేజు రాయడం అతని ప్రకటిత వృత్తి. కార్యాలయంలో పని జరిగేలా చూడడం అతడు అందించే అసలు సేవ. రుసుము, సుంకం, మామూలు అన్నీ కలిపి ఒకే మొత్తంగా అతడు చెప్పేవాడు. అందులో ఏ భాగం ఎవరికి వెళుతుందో కొనుగోలుదారుకు తెలిసే అవకాశం ఉండేది కాదు.

కార్డ్ ఈ వ్యవస్థలో విలువ లెక్కింపును, ప్రతుల నిల్వను, ధ్రువపత్రాల జారీని కంప్యూటరుకు అప్పగించింది. దస్తావేజును చేతితో తిరగరాసే పద్ధతికి బదులు స్కాన్ చేసి భద్రపరిచే పద్ధతి వచ్చింది. సమయం ఆదా కావడం, ప్రతుల భద్రత పెరగడం నిస్సందేహంగా ప్రయోజనాలే. అయితే కార్యాలయంలోకి అడుగుపెట్టే పౌరుడికి, కుర్చీలో ఉన్న ఉద్యోగికి మధ్య దారి మారలేదు. ఆ దారి ఇంకా లేఖరి బల్ల మీదుగానే సాగింది.

ఇందుకు మూడు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, పౌరుడికి లావాదేవీలో ఎదురయ్యే అనిశ్చితి తొలగలేదు. కంప్యూటర్ విలువను లెక్కించగలదు. దస్తావేజులో ఏదో లోపం ఉందని చెప్పి తిప్పి పంపే అధికారం మాత్రం మనిషి చేతిలోనే ఉంది. ఆ విచక్షణాధికారం ఉన్నంతవరకు దానిని సాఫీగా దాటించే మధ్యవర్తికి విలువ ఉంటుంది.

రెండవది, మధ్యవర్తి వల్ల లాభపడేవారు కార్యాలయం లోపలే కాక బయట కూడా ఉన్నారు. అసలు ధర కంటే తక్కువ చూపి స్టాంపు సుంకం తగ్గించుకోవాలనుకునే అమ్మకందారు, కొనుగోలుదారు ఇద్దరికీ లేఖరి తోడ్పడగలడు. అంటే ఇక్కడి పని సంస్కృతిలో హాజరు పట్టీలో పేరు లేని వ్యక్తులు కూడా భాగస్వాములు. కార్డ్ శాఖ ఉద్యోగులకు శిక్షణ ఇచ్చింది. ఆ భాగస్వాముల ప్రయోజనాలను మాత్రం తాకలేదు.

మూడవది, కంప్యూటర్ సేకరించిన సమాచారం ఉద్యోగి ప్రవర్తనను ప్రశ్నించే వైపు ప్రవహించలేదు. ఎన్ని దస్తావేజులు నమోదయ్యాయి, ఎంత ఆదాయం వచ్చింది అనే లెక్కలు పై స్థాయికి వెళ్లాయి. పౌరుడు ఎన్నిసార్లు తిరిగాడు, ఎవరి ద్వారా వచ్చాడు, ఎంత అదనంగా ఇచ్చాడు అనేది ఏ తెర మీదా కనిపించదు. ఫలితంగా పాత నమ్మకం తప్పని రుజువు చేసే అనుభవం ఎవరికీ కలగలేదు. షైన్ పరిభాషలో మొదటి అంతస్తు పూర్తిగా మారింది, మూడవ అంతస్తు చెక్కుచెదరలేదు. ఈ వైఫల్యం మూల్యాన్ని ఆస్తి కొనుగోలుకు జీవితకాలపు పొదుపు వెచ్చించిన సామాన్యుడు చెల్లించాడు.

4. జలమండలి: ఫిర్యాదు ప్రయాణించిన కొత్త దారి

హైదరాబాద్ మహానగర నీటి సరఫరా, మురుగునీటి పారుదల మండలి 1989లో ప్రత్యేక చట్టం ద్వారా ఏర్పడింది. ప్రజలు దానిని జలమండలి అని పిలుస్తారు. సంస్కరణలకు ముందు అక్కడి పరిస్థితి రిజిస్ట్రేషన్ శాఖ కంటే మెరుగని చెప్పడానికి వీలు లేదు. వీధిలో మ్యాన్‌హోల్ పొంగినా, నల్లాలో నీరు రాకపోయినా గృహస్థుడు స్థానిక సెక్షన్ కార్యాలయానికి వెళ్లి లైన్‌మన్‌ను బతిమాలుకోవలసి వచ్చేది. ఫిర్యాదు నమోదు కావడం, కాకపోవడం అక్కడున్న మనిషి ఇష్టం. కొత్త నల్లా కనెక్షన్ కావాలంటే పలు బల్లల చుట్టూ తిరగాలి. ఒక్కో బల్ల దగ్గర ఒక్కో ‘ఖర్చు’ ఎదురయ్యే అవకాశం ఉండేది.

1990ల చివరి నుంచి వచ్చిన మార్పులు పైకి చిన్నవిగా కనిపిస్తాయి. నగరమంతటికీ ఒకే ఫోన్ నంబరుతో ఫిర్యాదుల కేంద్రం ఏర్పడింది. 155313 అనే ఆ నంబరు తరువాత నగరవాసుల నోళ్లలో నిలిచిపోయింది. కొత్త కనెక్షన్ల దరఖాస్తులకు ఏకగవాక్ష విభాగం వచ్చింది. ఏ ఫిర్యాదు ఎంత కాలంలో పరిష్కరించాలో తెలిపే పౌర సేవా పత్రాన్ని మండలి ప్రకటించింది. ఫిర్యాదుల సమాచారాన్ని ఉన్నతాధికారులు క్రమం తప్పకుండా సమీక్షించడం మొదలైంది.

ఈ మార్పుల అసలు ప్రభావం ఫిర్యాదు ప్రయాణించిన దారిలో ఉంది. పూర్వం ఫిర్యాదు కింది స్థాయిలో పుట్టి కింది స్థాయిలోనే అణగిపోయేది. ఇప్పుడు అది మొదట కేంద్రానికి చేరి, అక్కడ నమోదై, తరువాత సెక్షన్‌కు వచ్చింది. తన పరిధిలో ఎన్ని ఫిర్యాదులు మిగిలాయో లైన్‌మన్‌కూ తెలుసు, అతని మేనేజరుకూ తెలుసు, పై అధికారికీ తెలుసు. మేనేజరు సమీక్షలో సమాధానం చెప్పుకోవలసి వచ్చినప్పుడు లైన్‌మన్‌ను ప్రశ్నించడమే కాదు, అతనికి కావలసిన పనిముట్లు, వాహనం, మనుషులు సమకూర్చడం కూడా మేనేజరుకు అవసరమైంది.

కేస్లీ ఈ పరిణామాన్ని బహుముఖ జవాబుదారీతనంగా వివరించాడు. పౌరులు, ఉన్నతాధికారులు, క్షేత్రస్థాయి సిబ్బంది అనే మూడు వర్గాల మధ్య సంబంధాలు ఒకదానినొకటి బలపరచుకోవడం వల్లనే సేవ మెరుగుపడిందని అతని వాదన. పై అధికారి ఆజ్ఞ ఒక్కటే ఉంటే అది బదిలీతో ముగిసిపోయేది. పౌరుడి ఒత్తిడి ఒక్కటే ఉంటే సెక్షన్ కార్యాలయం గోడ దాటి పైకి వెళ్లేది కాదు. రెండూ లైన్‌మన్ దగ్గర కలిసినందువల్ల అతని రోజువారీ లెక్క మారింది. పని తప్పించుకోవడం కంటే పూర్తి చేయడమే తేలికైన మార్గమైంది.

మైకేల్ లిప్‌స్కీ 1980లో వీధిస్థాయి ఉద్యోగి గురించి చేసిన సూత్రీకరణ ఇక్కడ గుర్తు చేసుకోదగినది. ప్రభుత్వ విధానం పౌరుడికి చేరేసరికి దాని నిజరూపాన్ని నిర్ణయించేది క్షేత్రంలో ఉన్న ఉద్యోగి అలవాట్లు, సర్దుబాట్లే అని అతడు చెప్పాడు. జలమండలిలో మ్యాన్‌హోల్ మూత ఎత్తే మనిషి దగ్గర విధానం నిజమైంది. కార్డ్‌లో ఆ మనిషి స్థానంలో ప్రభుత్వ ఉద్యోగి కాని లేఖరి నిలిచి ఉన్నాడు.

5. తులనాత్మక విశ్లేషణ

రెండు అనుభవాలను పక్కపక్కన ఉంచినప్పుడు మొదట తేలే విషయం సమాచార ప్రవాహ దిశకు సంబంధించినది. కార్డ్‌లో కంప్యూటర్ ఆస్తి గురించిన సమాచారాన్ని పోగుచేసింది. జలమండలిలో కంప్యూటర్ ఉద్యోగి పనితీరు గురించిన సమాచారాన్ని పోగుచేసింది. పరికరం ఒకటే అయినా అది ఎవరిని ఎవరికి కనిపించేలా చేసిందనేదే ఫలితాన్ని నిర్ణయించింది.

రెండవ విషయం సంస్కృతి సరిహద్దు. సంస్థ సంస్కృతి అనగానే పరిశోధకులు ఉద్యోగుల జాబితాను తీసుకొని ప్రశ్నావళి పంచుతారు. రిజిస్ట్రేషన్ కార్యాలయంలో ఆ పద్ధతి ప్రధాన పాత్రధారినే వదిలివేస్తుంది. పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, మధ్యలో ఎవరెవరి చేతులు మారుతుందో గుర్తించిన తరువాతే సంస్కృతి పరిధిని నిర్ణయించాలి.

మూడవ విషయం క్షేత్రస్థాయి ఉద్యోగికి మార్పు వల్ల ఏమి లభిస్తుందనేది. అదనపు ఆదాయాన్ని పోగొట్టే మార్పు దానికి బదులుగా ఏమీ ఇవ్వకపోతే ఉద్యోగి దానిని నిశ్శబ్దంగా నిర్వీర్యం చేస్తాడు. బహిరంగ ప్రతిఘటన, సమ్మె, వినతిపత్రం ఏవీ ఉండవు. కొత్త నమూనా పత్రం నింపుతాడు, పాత పని చేస్తాడు. మార్పు నిర్వహణ సాహిత్యం ప్రతిఘటనకు ఇచ్చినంత ప్రాధాన్యం ఈ మౌన స్వీకారానికి ఇవ్వలేదు. కార్డ్ అనుభవం చూపేది ఈ రెండవ ప్రమాదాన్నే.

ఈ పోలికకు పరిమితులు కూడా ఉన్నాయి. గృహస్థుడికి జలమండలితో ప్రతిరోజూ పని ఉంటుంది. ఈ రోజు మురుగు తొలగించకపోతే రేపు మళ్లీ ఫోన్ చేస్తాడు. ఆస్తి రిజిస్ట్రేషన్ చాలామందికి జీవితంలో ఒకటి రెండుసార్లు జరిగే పని. పని పూర్తయ్యాక ఫిర్యాదు చేయడానికి అతనికి ఓపికా ఉండదు, అవసరమూ ఉండదు. పైగా మురుగు పొంగడంలో ఎవరికీ లాభం లేదు, విలువ తగ్గించి చూపడంలో ఇరుపక్షాలకూ లాభం ఉంది. అందువల్ల జలమండలి పద్ధతిని యథాతథంగా రిజిస్ట్రేషన్ శాఖలో అమలు చేసి ఉంటే అదే ఫలితం వచ్చేదని చెప్పలేము. పౌరుడు మళ్లీ రాని చోట అతని తరఫున అడిగే మరొక యంత్రాంగాన్ని మార్పు రూపకర్తలు ముందే ఆలోచించవలసి ఉంటుందని మాత్రం చెప్పవచ్చు.

6. పరిశోధనకు, బోధనకు సూచనలు

విశ్వవిద్యాలయాల వాణిజ్య, నిర్వహణ, ప్రభుత్వ పాలనా శాస్త్ర విభాగాలలో పని సంస్కృతిపై జరిగే పరిశోధనలలో ఐదు పాయింట్ల ప్రశ్నావళికే ఎక్కువ ప్రాధాన్యం దక్కుతున్నది. ‘మీ సంస్థ మార్పును ప్రోత్సహిస్తుందా?’ అనే ప్రశ్నకు ఉద్యోగి ఇచ్చే సమాధానం షైన్ చెప్పిన రెండవ అంతస్తును, అంటే చెప్పుకొనే విలువలను మాత్రమే కొలుస్తుంది. కార్డ్ అమలైన కార్యాలయంలో అదే ప్రశ్న అడిగి ఉంటే అనుకూల సమాధానాలే వచ్చేవని ఊహించడం కష్టం కాదు.

మూడవ అంతస్తును చేరుకోవాలంటే ఒక దరఖాస్తు వెంట నడవడం మంచి పద్ధతి. అది ఎవరి చేతుల మీదుగా వెళ్లింది, ఎక్కడ ఆగింది, ఎవరు కదిలించారు, ఆగినందుకు ఎవరు సమాధానం చెప్పారు అనే నాలుగు ప్రశ్నలు ఏ కార్యాలయ సంస్కృతినైనా బయటపెడతాయి. మార్పుకు ముందు ఒకసారి, మార్పు తరువాత ఒకసారి ఇదే పరిశీలన చేస్తే సంస్కృతి మారిందా, రూపం మాత్రమే మారిందా అన్నది తేలుతుంది. తరగతి గదిలో లెవిన్, కోటర్ నమూనాలను బోధించే అధ్యాపకులు విద్యార్థులకు దగ్గరలోని ఏదైనా ఒక కార్యాలయంలో ఈ అభ్యాసాన్ని ఇస్తే, సిద్ధాంతం పరీక్షా సమాధానంగా మిగలక పరిశీలనా సాధనమవుతుంది.

7. ముగింపు

సంస్కృతిని మార్చిన తరువాతే సంస్థను మార్చగలమనే వాదం నాయకత్వానికి సౌకర్యంగా ఉంటుంది. వైఫల్యం వచ్చినప్పుడు నిందను సిబ్బంది మనస్తత్వం మీదికి నెట్టవచ్చు. కార్డ్, జలమండలి అనుభవాలు ఈ వాదాన్ని సమర్థించవు. లైన్‌మన్ మనస్తత్వాన్ని ముందుగా మార్చిన తరువాత జలమండలి ఫిర్యాదుల కేంద్రాన్ని తెరవలేదు. ఫిర్యాదు దారి మారింది, దానితో పర్యవసానాలు మారాయి, పర్యవసానాల అనుభవం నుంచి కొత్త అలవాటు ఏర్పడింది. రిజిస్ట్రేషన్ శాఖలో పర్యవసానాలు మారలేదు కనుక పాత అలవాటు కొత్త యంత్రం పక్కనే బతికింది.

కాబట్టి మార్పు నిర్వహణలో పని సంస్కృతి పాత్ర రెండు విధాలుగా ఉంటుంది. పాత సంబంధాలను తాకని మార్పును అది మింగివేస్తుంది. సంబంధాలను మార్చిన మార్పును అది కాలక్రమంలో కాపాడుతుంది. 2020లో తెలంగాణలో వచ్చిన ధరణి మొదలుకొని ప్రభుత్వ, ప్రైవేటు రంగాలలో అమలైన ప్రతి డిజిటల్ వ్యవస్థ గురించీ పరిశోధకులు అడగవలసిన మొదటి ప్రశ్న దీని నుంచే వస్తుంది. ఈ వ్యవస్థ ఎవరి పనిని ఎవరికి కనిపించేలా చేసింది, పని ఆగినప్పుడు ఎవరు సమాధానం చెప్పాలి? ఈ ప్రశ్నకు స్పష్టమైన జవాబు లేని చోట కొత్త తెర వెనుక పాత కార్యాలయమే నడుస్తూ ఉంటుంది.